అమెరికాకి పచ్చళ్లు పంపే కొరియర్: ప్యాకింగ్ బాగుంది, బిల్లు బాలేదు

మా ఊళ్లో విదేశాలకి పార్సిళ్లు పంపే కొరియర్ షాపు ఒకటుంది. ప్యాకింగ్ విషయంలో వంక పెట్టడానికేం లేదు, ఆవకాయని కవర్ మీద కవర్ వేసి సీల్ చేస్తారు, డల్లాస్‌లో అక్కావాళ్లింటికి నూనె చుక్క కారకుండా చేరింది. నా కోపమంతా బిల్లు మీదే.

ఫోన్లో "కిలోకింత" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. తీరా అక్కడికి వెళ్లాక కాటా మీద 10 కిలోలు చూపించిన పెట్టెకి 16 కిలోల డబ్బులు అడిగారు. ఇది మోసం కాదు, వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి, అసలు బరువు, ఈ లెక్క రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మా పెట్టె 50×40×40, అంటే సరిగ్గా 16. విమానంలో చోటుకి కూడా ఖరీదుంటుంది కాబట్టి లెక్క న్యాయమే, కానీ ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ! అమ్మ ఎంత టెన్షన్ పడిందో.

జంతికలు, వడియాలు, అప్పడాల్లాంటివే చోటు తినేస్తాయి, పచ్చళ్లు, పొడులు కాదు. సరుకు సర్దాక ఖాళీ మిగిలితే చిన్న పెట్టెలోకి మార్చమని గట్టిగా అడగండి. అదే సామాను 40×35×35లో పట్టిస్తే 9.8 వస్తుంది, అప్పుడు అసలు బరువుకే కడతారు.

ప్యాకింగ్‌కి ఐదుకి ఐదు, ధర చెప్పే పద్ధతికి ఒకటి.