జీవన ఎరువు విత్తనానికి పట్టించాలా, సాళ్లలో వేయాలా?

వరంగల్ వైపు పెసర, పల్లికి విత్తనశుద్ధే చవక. 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొడి (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా ఉన్న జీవన ఎరువు) చాలు. చల్లారిన బెల్లం నీళ్లతో పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. పానకం వేడిగా ఉంటే బ్యాక్టీరియా అక్కడే చస్తుంది. తెగులు మందు పట్టించేదుంటే అది ముందు, రైజోబియం చివర. పల్లి గింజ పొట్టు ఊడకుండా మెల్లగా కలపాలి.

పత్తికి ఈ దారి కుదరదు. ప్యాకెట్ విత్తనం రంగు మందు పూసుకునే వస్తుంది. దాని మీద జీవన ఎరువు దండగే. ఎకరాకు 2 కిలోల ఫాస్ఫోబ్యాక్టీరియాను (నేలలోని భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువు) 100 కిలోల చివికిన పెంట ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, రాత్రంతా నీడలో ఉంచి, తడి ఉన్న సాళ్లలో వేయాలి. కూలీ ఎక్కువే. పొడి దుక్కిలో ఎండకు చల్లితే ఆ కూలీ కూడా పోయినట్టే. డీఏపీతో కలిపి చల్లేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా నష్టం.