లోలకమా, వెనిగర్-సోడానా, మొలకలా: క్లాసులో ఏ ప్రయోగం మేలు?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో ప్రయోగం అనగానే చాలామంది టీచర్లకు ముందు గుర్తొచ్చేది వెనిగర్, వంట సోడాల అగ్నిపర్వతం. నురగ పొంగుతుంది, పిల్లలు కేకలు పెడతారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ అందులో పిల్లలు కొలిచిందేమీ ఉండదు. ముందు ఒక అంచనా వేయాలి, కొలవాలి, తేడా వస్తే ఎందుకొచ్చిందో మళ్లీ చేసి చూడాలి. ఒక్క పీరియడ్‌లో ఇదంతా కుదరాలంటే నా ఓటు లోలకానికే, అంటే దారానికి కట్టి ఊగనిచ్చే బరువుకే.

దారం, ఇనుప నట్లు, స్కేలు, సెకన్లు చూపే గడియారం ఉంటే చాలు. "బరువు పెంచితే త్వరగా ఊగుతుందా, నెమ్మదిగా ఊగుతుందా?" అని ముందే అడిగి చేతులెత్తించండి. తర్వాత ఒక నట్టుతో, మూడు నట్లతో పదేసి ఊపుల (అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) సమయం చూస్తే దాదాపు ఒకటే వస్తుంది. నమ్మలేక మళ్లీ చేస్తారు చూడండి, అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. మూడు నట్లనూ ఒకే చోట కట్టించాలి. ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే పొడవు మారిపోయి లెక్క తేడా వస్తుంది. ఇంకో చిక్కు, వదలగానే పిల్లలు "ఒకటి" అనేస్తారు. అప్పుడు పది అనుకున్నవి నిజానికి తొమ్మిదే. వదిలేటప్పుడు "సున్నా" అనడం అలవాటు చేయాలి.

పొడవు మార్చినప్పుడు ఇంకా బాగుంటుంది. 25 సెంటీమీటర్ల లోలకం పది ఊపులకు సుమారు 10 సెకన్లు తీసుకుంటుంది. 100 సెంటీమీటర్లదైతే 20 సెకన్లు. పొడవు నాలుగింతలైనా సమయం రెట్టింపే! దీనికి గ్రాఫ్ గీయిస్తే గీత తిన్నగా రాదు, వంగుతుంది. ఎక్కువ దూరం లాగి వదలకుండా చూసుకుంటే చాలు.

రసాయన మార్పు పాఠమే చెప్పాల్సి ఉంటే వెనిగర్-సోడా తప్పదు. అప్పుడు అగ్నిపర్వతం బదులు సీసా మూతికి బెలూన్ తగిలించండి. వెనిగర్ అంతే ఉంచి సోడా ఒక్కో చెంచా పెంచుతూ పోతే, ఒక దశ దాటాక బెలూన్ ఇక పెద్దదవదు. వెనిగర్‌లోని ఆమ్లం అయిపోయిందన్నమాట. సీసా పట్టుకుంటే చల్లగా కూడా తగులుతుంది. కాకపోతే ప్రతిసారీ సీసా కడగాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, టేబుల్ తుడవాలి. టైమంతా దానికే పోతుంది.

మొలకలకు ఓపిక కావాలి. ఒకటి రెండు గింజలు మొలవకపోతే ఫలితమే తారుమారవుతుంది కాబట్టి ఒక్కో కప్పులో కనీసం పది వేయాలి. అయినా ఒక మంచి ప్రశ్న ఉంది: వెలుతురు లేకుండా చిక్కుడు గింజ మొలుస్తుందా? చాలామంది మొలవదంటారు. మొలుస్తుంది, కాకపోతే పాలిపోయి సన్నగా, పొడుగ్గా సాగుతుంది. వీటిని సోమవారమే నానబెట్టి పక్కన పెడితే, అవి మొలిచేలోపు లోలకం చేయించేయొచ్చు.