ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు: ఎండ ఉన్న రోజే వెళ్లండి

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ మొత్తం పాత పుస్తకాలదే. వాన పడితే టార్పాలిన్లు కప్పేస్తారు, అందుకే ఎండరోజు మేలు. ఉదయమే వెళ్తే నీడా దొరుకుతుంది, కుప్పలూ చెదరకుండా ఉంటాయి. సుల్తాన్ బజార్ మెట్రో నుంచి నడిచి వెళ్లొచ్చు.

తెలుగు పుస్తకం కొనేముందు ఫారాలు, అంటే పెద్ద కాగితాన్ని మడిచి కుట్టిన పేజీల కట్టలు, అన్నీ ఉన్నాయా చూడండి. ఎక్కువ పుస్తకాలకు ఫారం అంటే 16 పేజీలు. 32 తర్వాత నేరుగా 49 వస్తే ఒక ఫారం ఊడిపోయినట్టే. కుట్టు వదులైన పుస్తకాల్లో చివరి ఫారమే ముందు పోతుంది, కథల సంపుటమైతే ఆఖరి కథ సగంలో ఆగిపోతుంది. అట్ట లోపలివైపు గోధుమరంగు చారలుంటే తడిసిందన్నమాట. అలాంటిది ఇంట్లో మంచి పుస్తకాల పక్కన పెట్టొద్దు, బూజు అంటుకుంటుంది.

అసలు లాభం మాటల్లో ఉంది. పక్కన కూర్చుని కుప్ప వెతుకుతున్నవారి చేతిలో పుస్తకం చూసి "ఈయనవి ఇంకేం చదివారండీ?" అంటే చాలు. రాసేవాళ్లు, పరిశోధకులు, పాత పత్రికలు సేకరించేవాళ్లు తగులుతారు. "మీరూ రాస్తారా?" అని మొదటే అడిగితే మాత్రం చాలామంది ముడుచుకుపోతారు, ముందు చదివినదాని గురించే మాట్లాడించండి. ఎవరైనా పక్కకు తీసిపెట్టుకున్న పుస్తకాన్ని అడక్కుండా ముట్టుకోవద్దు. బేరం ఒక్కో పుస్తకానికి కాదు, నాలుగైదు కలిపి ఆడండి. చిల్లర దగ్గర ఉంచుకోండి.

కూర్చోడానికి చోటు లేకపోవడం ఒక్కటే పెద్ద లోటు.