ఆరేళ్లుగా వాయిస్తున్న లీ ఆస్కర్ మౌత్ ఆర్గాన్

నాది లీ ఆస్కర్ మేజర్ డయాటోనిక్ (ఒకే స్కేలు స్వరాలుండే రకం), సి కీ, 10 రంధ్రాలది. అంతకుముందు చాలామందిలాగే నేనూ రెండు వరుసల ట్రెమొలో (స్వరం వణికినట్టు పలికే మౌత్ ఆర్గాన్) మీద పాత సినిమా పాటలు వాయించేవాణ్ణి. వార్ అనే అమెరికన్ బ్యాండ్ 1975 నాటి పాట 'లో రైడర్' విన్నాక మనసు ఇటు తిరిగింది. అందులో మౌత్ ఆర్గాన్, శాక్సఫోన్ ఒకే వరుసను కలిసి వాయిస్తాయి, అవి రెండు వాద్యాలని చాలా రోజులు నాకు తెలియనే లేదు! ఆ మౌత్ ఆర్గాన్ వాయించింది లీ ఆస్కరే. డెన్మార్క్‌లో పుట్టి 18 ఏళ్లకు అమెరికా వెళ్లి, 1969లో వార్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరయ్యారు, 1983లో జపాన్ కంపెనీ టోంబోతో కలిసి తన పేరు మీదే వీటిని తెచ్చారు.

బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం)లో ఊదడం కంటే పీల్చడం ఎక్కువ. సి హార్ప్ (మౌత్ ఆర్గాన్‌నే అలా అంటాం) పట్టుకుని జి స్కేల్లో వాయిస్తాం, 2వ రంధ్రం పీలిస్తే జి వస్తుంది. 3వ రంధ్రం పీలుస్తూ నాలుకను వెనక్కి సర్దుకుంటే బి నుంచి మూడు అరస్వరాలు కిందికి జారొచ్చు, గమకాలు విన్న చెవికి అది ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అలా జార్చడాన్నే బెండ్ అంటారు, దాన్ని శ్రుతిలో నిలబెట్టడానికి నాకు ఏడాది పట్టింది. వార్ వాయించే ఫంక్ (లయే ప్రధానమైన డాన్స్ సంగీతం) ఇంకా కష్టం, ఎందుకంటే డ్రమ్స్ మధ్య ఖాళీలో రెండు స్వరాలు కొట్టి ఊరుకోవాలి, సోలో వాయించాలన్న ఆత్రం అక్కడ పనికిరాదు. లీ ఆస్కర్‌ను వింటూనే ఆగడం నేర్చుకున్నాను.

నాలుగో ఏట 4వ రంధ్రం రీడ్ (గాలికి కంపించి స్వరం పలికే లోహపు రేకు) శ్రుతి తప్పింది, నేను గట్టిగా లాగి వాయించడం వల్లే. కొత్త మౌత్ ఆర్గాన్ కొనలేదు, రీడ్ ప్లేట్లు విడిగా దొరుకుతాయి కాబట్టి స్క్రూలు విప్పి అవి మాత్రం మార్చాను. లోపలి దిమ్మ ప్లాస్టిక్, తడికి ఉబ్బదు. ఇంతకుముందు వాడిన వేరే కంపెనీ చెక్కది ఉబ్బి పెదవులు కోసుకుపోయేవి. ఓవర్‌బ్లోలు (మామూలుగా దొరకని స్వరాలను ప్రత్యేకంగా ఊది పలికించడం) మాత్రం దీని మీద నాకు రావడం లేదు, రీడ్ గ్యాప్ సరిచేసుకుంటే వస్తాయంటారు కానీ ఆ పని నేనింకా నేర్చుకోలేదు.

ఇక జి కీ మెలడీ మేకర్ (లీ ఆస్కర్‌లోనే స్వరాల అమరిక కాస్త మార్చిన రకం) కొనాలని ఉంది. సి హార్ప్‌లో కింది ఎ కావాలంటే 3వ రంధ్రాన్ని బెండ్ చేయాలి, మెలడీ మేకర్‌లో అదే రంధ్రం ఊదితే నేరుగా పలుకుతుంది. నా పాత ట్రెమొలో పాటలన్నీ దాని మీద మళ్లీ వాయించుకోవచ్చు.