పల్లెకు డాక్టరు రావాలంటే: బాండా, ఊరి విద్యార్థా, ఊళ్ళో శిక్షణా?

ఏజెన్సీలో డాక్టరు పోస్టు ఖాళీ అనగానే ముందుగా వినిపించే మాట బాండ్. ఎంబీబీఎస్ అయ్యాక కొంతకాలం పల్లెలో పనిచేయాలి, లేదంటే డబ్బు కట్టాలి. ప్రభుత్వానికి ఇది తేలిక. ఒక్క జీవోతో పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) మనిషి వస్తాడు. కానీ చాలామందికి ఆ రోజులన్నీ పీజీ ఎంట్రన్స్ టెన్షన్‌తోనే గడిచిపోతాయి. గడువు తీరగానే వెళ్ళిపోతారు. ఏ గర్భిణికి ఏం ఇబ్బంది ఉందో కొత్త డాక్టరుకు ఏఎన్‌ఎం మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. పైగా ఉన్నవాళ్ళు సొమ్ము కట్టి బయటపడతారు, లేని ఇంటి పిల్లలే బాండ్ మోస్తారు. ఇది అన్యాయం.

రెండో దారి, ఎవరిని చేర్చుకోవాలన్న దగ్గరే మొదలుపెట్టడం. జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) నుంచీ ఏటా ఇద్దరు ముగ్గుర్ని తీసుకుంటుంది. చదువు ఖర్చు అప్పుగా ఇస్తారు. సొంత ప్రిఫెక్చర్‌లో సుమారు 9 ఏళ్ళు పనిచేస్తే మాఫీ. ఇదీ బాండే, కాకపోతే పంపేది సొంత ప్రాంతానికి. గడువు అయ్యాక కూడా ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. ఫిలిప్పీన్స్‌లోని లేతె ద్వీపంలో 1976లో మొదలైన బడి ఇంకో అడుగు ముందుకేసింది. విద్యార్థిని ఊరే ఎంచి పంపుతుంది. ముందు మంత్రసాని పని, తర్వాత నర్సింగ్, ఆపైన డాక్టరు చదువు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఊరికి వచ్చి పనిచేయాలి.

మనకు దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష నీట్ ఉంది కదా, అలా ఎలా కుదురుతుంది అనవచ్చు. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 7.5 శాతం మెడికల్ సీట్లు చట్టం చేసి ఇచ్చింది, నీట్ ఉండగానే. అయితే అది ప్రభుత్వాలు చేయాల్సిన పని. వైద్య విద్య నడిపే యూనివర్సిటీ చేతిలో ఉన్నది మూడో దారి: శిక్షణ ఎక్కడ ఇస్తామన్నది.

కెనడాలో 2005లో తెరిచిన నార్తర్న్ ఒంటారియో వైద్య కళాశాల మూడో ఏడాది విద్యార్థుల్ని దాదాపు 8 నెలలు చిన్న ఊళ్ళలో ఉంచుతుంది. ఇందులోనే అసలు బలం ఉందని నా నమ్మకం. అన్ని విభాగాలూ, స్కానింగులూ ఉన్న పెద్దాసుపత్రిలో నేర్చుకున్నవాళ్ళకు రాత్రిపూట పాముకాటు కేసు ఒంటరిగా చూడాలంటే చేతులు వణుకుతాయి. ఎవరిని ఇక్కడే ఉంచాలి, ఎవరిని వెంటనే 108 ఎక్కించాలి అన్నది పీహెచ్‌సీలోనే, అనుభవమున్న డాక్టరు పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన విద్య. పల్లె వద్దనడానికి జీతం, క్వార్టర్స్, పిల్లల చదువులతో పాటు ఈ భయం కూడా కారణమే.

జిల్లాకో మెడికల్ కాలేజీ పెట్టినంత మాత్రాన ఇది జరగదు. ఏజెన్సీలోని పాడేరులో కాలేజీ వచ్చింది, సంతోషం. అక్కడి విద్యార్థి హాస్టల్‌కీ వార్డుకీ మధ్యే తిరిగితే మాత్రం విశాఖలో చదివినా తేడా ఉండదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను మూడోదే ఎంచుకుంటాను, రెండోదాన్ని తోడుగా అడుగుతాను. బాండ్‌ను ఖాళీలు నిండేదాకా నడిపే ఏర్పాటుగానే చూస్తాను. హౌస్‌సర్జన్లకు కమ్యూనిటీ మెడిసిన్ (జనారోగ్య విభాగం) పోస్టింగ్ ఎలాగూ ఉంది. దాన్ని సంతకాలతో సరిపెట్టకుండా, ఉండటానికి గది, నేర్పడానికి సీనియర్, చూడటానికి కేసులు ఉన్న పీహెచ్‌సీలకు మార్చే పని యూనివర్సిటీలు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.