ఊడదీసిన ఇళ్లు మళ్లీ నిలబడ్డ ఊరు: గ్రీన్‌ఫీల్డ్ విలేజ్

గుంటూరులో ముప్పై ఏళ్లుగా నా పని పాత ఇళ్లు ఊడదీయడం. అపార్ట్‌మెంటు కోసం పెంకుటిల్లు పడగొట్టేవాళ్ల దగ్గర బర్మా టేకు ద్వారబంధాలు, దూలాలు, తలుపులు కొని కొట్లో అమ్ముతాను. డెట్రాయిట్ దగ్గరుండే మా అమ్మాయి, "నాన్నా, డియర్‌బోర్న్‌లో పాత ఇళ్ల మ్యూజియం ఉంది" అనగానే మిగతావన్నీ తర్వాత చూద్దామన్నాను.

కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ ఎక్కడెక్కడి ఇళ్లనో విప్పించి తెచ్చి నిలబెట్టిన ఊరు ఇది. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో ఓర్విల్ పుట్టిన ఇల్లు ఒహైయోలోని డేటన్ నుంచి వచ్చింది, పక్కనే ఆ అన్నదమ్ముల సైకిల్ షాపు. ఎడిసన్ ప్రయోగశాల కోసమైతే న్యూజెర్సీ మట్టిని కూడా తవ్వి తెచ్చారు. బల్బు వెలిగి యాభై ఏళ్లయిన పండుగకు 1929 అక్టోబరు 21న ఎడిసన్ వచ్చి కూర్చున్న కుర్చీని నేలకు మేకులతో బిగించి అలాగే ఉంచేశారు. నా కొట్లో అయితే మర్నాటికే దానికి బేరం కుదిరేది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఇంగ్లండు నుంచి తెచ్చిన కాట్స్‌వోల్డ్ రాతి ఇంటి ముందు. రాయి రాయికీ అంకె వేసి, సంచుల్లో కట్టి, సముద్రం దాటించారు. గోడ మూల దగ్గర వంగి చూశాను. అతుకు ఎక్కడుందో నా కంటికే దొరకలేదు. మేమూ ద్వారబంధాలకు సుద్దతో అంకెలు వేస్తాం, కానీ అవి లారీ ఎక్కించేదాకానే.

జార్జియా రాష్ట్రంలోని సవానా దగ్గరి హెర్మిటేజ్ తోట నుంచి తెచ్చిన బానిసల ఇటుక ఇళ్లను తప్పక చూడండి. ఆ తోటలో ఇటుకలు కాల్చిందీ బానిసలే. బూడిద రంగు ఇటుక, మన ఇటుక కంటే పెద్దది. పిల్లలు అక్కడ అల్లరి మానేశారు.

ఒక్కటే నచ్చలేదు. మేరీల్యాండ్ ఇల్లు, ఒహైయో ఇల్లు, ఇంగ్లండు ఇల్లు ఒకే ఊళ్లో ఇరుగుపొరుగయ్యాయి. ఏ ఇంటి పెరటి గోడ అవతల అసలు ఎవరుండేవారో తెలియదు.

చలికాలం గడిచి ఏప్రిల్ మధ్యలో తెరుస్తారు. రోజంతా నడక, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆవిరి రైలెక్కండి. మా ఆవిడ టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ వారి పాత ఇంటి వంటింట్లో ఇనప పొయ్యి ముందు నుంచి అరగంట కదల్లేదు. బయటికొస్తూ గడప వైపు చూసి, "ఇది మీ కొట్టుకు రాకుండా బతికిపోయింది" అంది.