అరామిక్ ఆన్‌లైన్ కోర్సు: ‘సదరు’ తెలిసినోళ్లకు సగం పని అయిపోయినట్టే

నల్లగొండలో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్లు రాసుకునేవాడికి అరామిక్ అనే పాతకాలపు భాష ఎందుకని ఇంట్లోవాళ్లే నవ్వారు. బైబిల్లో దానియేలు గ్రంథం 2:4 మధ్య నుంచి ఏడో అధ్యాయం చివరి దాకా హీబ్రూ కాదు, అరామిక్ అని చర్చిలో విన్నప్పటి నుంచి మనసు ఆగలేదు, 1,800 కట్టి ఆదివారం రాత్రి జూమ్‌లో నడిచే ఎనిమిది వారాల కోర్సులో చేరాను. పేరు మాత్రం రాయను.

సారు ఓపిక మంచిది. ‘ఇది’ అనడానికి పుంలింగానికి దెనా, స్త్రీలింగానికి దా, బహువచనానికి ఇల్లేన్. మన ‘ఈ’ ఇల్లయినా మనిషైనా మారదు, వాళ్లది మారుతుంది, పైగా చాలాసార్లు నామవాచకం వెనక వస్తుంది. గోడ మీద రాత చూసి బెల్షస్సరు రాజు మోకాళ్లు కొట్టుకున్నాయన్న చోట (దానియేలు 5:6) మూలంలో ఉన్నది ‘దా లెదా’, అంటే ఇది దీనికి. ఒకదానికొకటి అన్నమాట. ‘కిద్నా’ అంటే మా ఊళ్లో ‘గిట్ల’. ఆ క్లాసు రోజు భలే నవ్వుకున్నా.

గొడవంతా ‘దేఖ్’ దగ్గర వచ్చింది. (హిందీ దేఖ్‌కి దీనికి సంబంధం లేదు, నేనూ మొదట అదే అనుకున్నా.) నోట్సులో ‘అది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మరి బైబిల్లోనే ఎజ్రా గ్రంథం 5:16లో షేష్బజ్జరు అనే అధికారి పేరు పక్కన దేఖ్ ఎందుకుంది, పక్కన లేని మనిషిని వేలు పెట్టి చూపిస్తున్నారా అని అడిగితే, అది ఎక్సెప్షన్, ముందుకు పోదాం అన్నారు. ఎక్సెప్షన్ కాదు సారూ, అది ‘సదరు’! పైన ఒకసారి పేరు చెప్పేశాక మేం ‘సదరు ప్లాటు’ అని రాస్తామే, అదే. ఎజ్రా నాలుగో అధ్యాయంలో పారసీక రాజు అర్తహషస్తకు రాసిన ఫిర్యాదులో యెరూషలేమును ‘కిర్యెతా దాఖ్’ అంటారు (దాఖ్ అంటే దేఖ్‌కి స్త్రీలింగం), సదరు పట్టణం. ఆ ఉత్తరాన్ని పరిచయం చేసే మాటేమో ‘దెనా పర్షెగెన్’, అంటే ఇది నకలు! క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో ఈజిప్టులోని ఎలిఫెంటైన్‌లో యూదులు రాసుకున్న ఇళ్ల దస్తావేజుల్లోనూ ఈ దేఖ్ మాటే, కాకపోతే ‘ద’ బదులు ‘జ’తో రాసేవారు, అదీ సరిహద్దులతో సహా. అంటే మా పనివాళ్లే.

అన్నిచోట్లా సదరు అని పెట్టేస్తే కుదరదు. దానియేలు 2:31లో నెబుకద్నెజరు కలలో చూసిన విగ్రహానికి ‘దిక్కేన్’ (‘ఆ’ అనడానికే ఇంకో మాట) వాడారు, అక్కడ ‘ఆ విగ్రహం’ అంటేనే బాగుంటుంది.

ఇక పీడీఎఫ్ సంగతి. సగం అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి, కుడి నుంచి ఎడమకు రావాల్సిన మిగతా సగం ఎడమ నుంచి కుడికి తిరగబడ్డాయి. మూడుసార్లు మెసేజ్ పెట్టా, బ్లూ టిక్ పడింది, అంతే. చివరికి అన్నీ చేత్తో కాపీ రాసుకున్నా, లిపి వచ్చిందంటే దాని పుణ్యమే.

ఐదుకి మూడు స్టార్లు. రెండో భాగం మొత్తం ఎజ్రా మీదే అంటున్నారు, ఫీజు అడిగే ముందు ఒక్క పేజీ సరిగా ప్రింటయి వస్తే చూపించండి, అదే రోజు కడతా.